భయమేస్తే ఎవరి వెనక నిలబడతాం?

పోయిన సోమవారం ఆఫీసులో ఉండగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కబురు వచ్చింది. మా ఎదురు ఫ్లాట్ మేడమ్ పోయారు. నిద్రలోనేనట.

ఆవిడది బెంగళూరు పక్కనున్న హొసకోటె. కాలేజీలో సైకాలజీ చెప్పి, రిటైరయ్యాక మేముండే వర్తూరు వచ్చేశారు. మనుషులు నాయకుణ్ణి ఎలా ఎంచుకుంటారన్నది ఆవిడకు తీరని కుతూహలం. టీవీలో ఎన్నికల ప్రసంగం వస్తే సౌండు తీసేసి చూసేవారు. "మాటలు తీసేస్తే ఏం మిగుల్తాదో చూడప్పా" అని నన్నూ కూర్చోబెట్టేవారు. మిగిలేవి భుజాలు, దవడ, చెయ్యి ఊపే తీరు.

ఒక ఏడు వానలకు మా సెల్లార్ నిండి కార్లు మునిగాయి. ఆ భయంలోనే అసోసియేషన్ అధ్యక్ష ఎన్నిక వచ్చింది. మూడో అంతస్తు ఇంజనీరమ్మ, కాలువ ఎక్కడ పూడిందో సన్నటి గొంతుతో ఓపిగ్గా వివరించింది. ఆమెకు పోటీగా నిలబడ్డాయన ఆరడుగుల మనిషి. లేచి, "భయపడకండి, నేనున్నాను" అన్నాడు. అంతే, హాలంతా చేతులు లేచాయి. వాటిలో మేడమ్ చెయ్యి కూడా ఉంది!

"మీరు కూడానా మేడమ్?" అన్నాను లిఫ్టులో.

ఆవిడ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "నాకూ వింతగానే ఉండాది. తనంతట తానే లేసింది. వేల తరాలు మనోళ్లు చిన్న చిన్న గుంపులుగా బతికినారు. పులొచ్చినా, పక్క గుంపొచ్చినా, పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు ఉండేవాని ఎనక నిలబడినోళ్లే మిగిలినారేమో. భయమేస్తే ఆ పాత బుర్రే ముందు మేలుకుంటాది. దానికి కాలవ సంగతేం తెలుసు?"

"అయితే మనం చెయ్యగలిగిందేం లేదా?"

"చెయ్యి లేసినాక, ఎందుకు లేసిందని అడగొచ్చు కదప్పా."

అడిగి ఊరుకోలేదు. మర్నాడే కొత్త అధ్యక్షుణ్ణి, నన్నూ వెంటబెట్టుకుని ఇంజనీరమ్మ తలుపు తట్టారు. "నీ గొంతుకు అందరూ కదుల్తారు. ఎటు కదలాల్నో ఈయమ్మకు తెలుసు" అన్నారు. ఆయన నొచ్చుకుంటాడేమోనని నాకు గుబులు. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని ఇంజనీరమ్మ గీసిన ప్లాను ముందు కూర్చున్నాడు. కాలువ బాగుపడింది. మరుసటి వానలకు సెల్లార్లోకి చుక్క రాలేదు.

"అంటే మీ పాత బుర్ర మరీ తప్పు చెయ్యలేదు" అని ఆటపట్టించాను. ఆవిడ చిన్నపిల్లలా సంబరపడ్డారు. "అవును గదా! ఇంక నేను మళ్లా మొదట్నుంచి ఆలోచించాల."

ఓటు ఎవరికేశావని నన్ను ఎన్నడూ అడగలేదు. కానీ ఇప్పుడు ఏ నాయకుడైనా చూడగానే నచ్చితే, ఎందుకు నచ్చాడని ఒక్క క్షణం ఆగుతున్నాను. అది ఆవిడ పెట్టిన అలవాటే.

ఆ కబురుకు ముందు రోజు, ఆదివారం సాయంత్రం ఆవిణ్ణి చివరిసారి చూశాను. వరండా కమ్మీ పట్టుకుని కిందికి వంగి ఉన్నారు. కింద పిల్లలు క్రికెట్ కెప్టెన్ కోసం తగువులాడుకుంటున్నారు.

"ఎవరవుతారు మేడమ్?"

"ఉండప్పా, ఇంకా తేలలా."

కింద ఇద్దరు పిల్లలు వీపుకు వీపు ఆనించి, మునివేళ్ల మీద నిక్కి నిలబడి పొడుగు కొలుచుకుంటున్నారు. మేడమ్ కళ్లజోడు పైకి తోసుకుని ఇంకాస్త ముందుకు వంగారు.