మెట్ల మలుపులో ఇరుక్కున్న మంచం: పెనుగంచిప్రోలులో వరదకి ముందు ఒక రోజు

మే నెల చివర్లో ఒక సాయంత్రం రత్నం ఫోన్ చేశాడు. రత్నం పెనుగంచిప్రోలులో ఆటో నడుపుతాడు. వానలు మొదలయ్యేలోపు తమ పేటలో వరద రిహార్సల్ పెట్టుకుంటున్నామనీ, వీలైతే నన్ను రమ్మనీ పిలిచాడు. మునేరు పొంగితే ఎవరు ఎవర్ని తీసుకురావాలి, ఎక్కడికి చేర్చాలి అనేది ముందే ఒకసారి చేసి చూసుకుంటారట. ఎండలు మండిపోతున్న రోజుల్లో వరద గురించిన కబురు వింతగా అనిపించినా, వస్తానని వెంటనే చెప్పాను. రత్నం పిలిస్తే కాదనే పరిస్థితి మా ఇంట్లో లేదు.

ఎందుకో చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక వర్షాకాలంలో మావారూ నేనూ తిరుపతమ్మ అమ్మవారి దర్శనానికి పెనుగంచిప్రోలు వెళ్ళాం. తెల్లారేసరికి మునేరు పొంగింది. తిరిగి వెళ్దామని రత్నం ఆటో ఎక్కితే, జగ్గయ్యపేట వైపు రోడ్డు మీద నీళ్ళు, నందిగామ వైపు అంతకంటే ఎక్కువ నీళ్ళు. మాకు ఆ ఊళ్ళో ఎవరూ తెలియదు. రత్నం ఆటోని తమ పేటలోకి తిప్పి, ప్రార్థన మందిరం పై అంతస్తులో ఉన్న హాల్లోకి మమ్మల్ని ఎక్కించి, మళ్ళీ వస్తానని చెప్పి వానలో వెళ్ళిపోయాడు. రోడ్డు తేలేదాకా మేము అక్కడే ఉన్నాం. ఎవరో దుప్పటి ఇచ్చారు, ఎవరో అన్నం పెట్టారు. ఆ తర్వాత ఏటా వానలు మొదలయ్యే ముందు రత్నమే ఫోన్ చేసి, ఇటువైపు ప్రయాణాలేమైనా ఉన్నాయా అని అడుగుతుంటాడు.

విజయవాడ నుంచి వెళ్ళేవాళ్ళకి దారి సులువే. పొద్దున్నే బస్టాండులో జగ్గయ్యపేట బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు తీసుకోవడం లేదు కాబట్టి నాకు ఖర్చే లేకపోయింది. ఇబ్రహీంపట్నం, కంచికచర్ల దాటి కీసర దగ్గర మునేరు వంతెన మీదకి వచ్చేసరికి కిటికీలోంచి తొంగిచూశాను. ఇసుక, అక్కడక్కడా మడుగులు, వాటి మధ్య మేస్తున్న గేదెలు. ఆ రోజు ఈ ఏరే హైవేని ఆపేసిందంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. నందిగామ బస్టాండులో బస్సు కాసేపు ఆగింది. టీ తాగి ఎక్కాను. రెండు గంటలు నిండకముందే జగ్గయ్యపేటలో దిగాను. అక్కడి నుంచి పెనుగంచిప్రోలుకి షేర్ ఆటోలు దొరుకుతూనే ఉంటాయి. మనిషికి నలభై, యాభై రూపాయలు అడుగుతారు. నా కోసం రత్నమే వచ్చి నిలబడ్డాడు. ముందు ఇడ్లీ తినిపించి గానీ ఆటో ఎక్కనివ్వలేదు.

దారి పొడవునా నల్లరేగడి చేలు దున్ని సిద్ధంగా ఉన్నాయి. పత్తి గింజ వేయడానికి వాన కోసం చూస్తున్నారు. వాన కావాలి, వరద వద్దు, రెంటికీ ఆకాశమొకటేనని రత్నం నవ్వాడు. ఆటో నడుపుతూ కుడిచేతిని మాటిమాటికీ కిందికి దించి విదిలిస్తున్నాడు. ఏమైందని అడిగితే పాత నొప్పేనని మాట మార్చాడు.

మందిరం దగ్గర సువర్ణ టీచర్ గారు ఎదురొచ్చారు. ఊళ్ళోనే చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతారు. ఈ రిహార్సల్ ఆలోచన ఆవిడదే. లోపలికి తీసుకెళ్ళి చేసిన మార్పులన్నీ చూపించారు. కింద గోడకి వరదనీటి మరక ఇంకా లేతగా కనిపిస్తోంది. కరెంటు బోర్డుని ఆ మరక కంటే బాగా పైకి జరిపారు. పై హాలు పక్కన మరుగుదొడ్డి కట్టారు, డాబా మీద మంచినీళ్ళ డ్రమ్ములు పెట్టారు. బయట నుంచి పైకి వెళ్ళే మెట్లకి అప్పట్లో పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఇనప రెయిలింగ్ వేయించారు. చందాలు వేసుకుని చేయించుకున్నామనీ, పక్క వీధుల్లో హిందువుల ఇళ్ళ నుంచి కూడా ఇచ్చారనీ, వరదొస్తే వాళ్ళూ ఎక్కేది ఈ మెట్లేననీ చెప్పారు. నేను ఆ రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఆ రోజు తడి మెట్ల మీద మావారు నా చెయ్యి పట్టుకుని గోడకి ఆనుకుంటూ ఎక్కించారు.

రత్నం వాళ్ళ ఇల్లు మందిరానికి నాలుగిళ్ళ అవతలే. వాళ్ళ నాన్న ప్రకాశం గారిని పలకరిద్దామని వెళ్ళాను. పక్షవాతం వచ్చి ఆయనకి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. వరద నాటికే మంచం మీద ఉన్నారట. మనిషి మాత్రం చురుగ్గా ఉన్నారు. రత్నం కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించి నాతో మాట్లాడారు.

"వీళ్ళు ఈ రిహార్సలంతా నా కోసమే పెట్టారమ్మా. ఈసారి నీళ్ళొస్తే నేను రానని చెప్పేశా. మీరందరూ పైకి పొండి, నన్నిక్కడే వదిలెయ్యండి అన్నా."

ఎందుకు బాబాయ్ అని అడిగాను. ఆయన జవాబు నెమ్మదిగా వచ్చింది. ఆ రోజు నీళ్ళు వీధిలోకి వస్తున్నాయని తెలిసి కూడా రత్నం ముందు ఆటోలో ఉన్నవాళ్ళని మందిరానికి చేర్చాడు. తిరిగి ఇంటికి వచ్చేసరికి నీళ్ళు గడప దాటాయి. తండ్రిని వీపు మీద వేసుకుని మెట్లెక్కుతుంటే కాలు జారింది. తండ్రికి దెబ్బ తగలకూడదని తన భుజాన్ని గోడకేసి ఆపుకున్నాడు. ఆ భుజం ఇప్పటికీ కుదురుకోలేదు. కొన్ని నెలలు ఆటో నడపలేకపోయాడు. "నా మూలాన వాడికి ఇంకోసారి దెబ్బ తగిలితే ఈ ఇల్లు ఎట్లా గడుస్తుంది?" అన్నారు.

ఆటోలో ఉన్నవాళ్ళంటే మేమే. ఆ రోజు హాల్లో కిక్కిరిసిన జనంలో ఈ తండ్రీకొడుకుల్ని నేను గమనించనే లేదు. ఇన్నేళ్ళుగా ఫోనులో కుశలం అడుగుతున్నవాడు ఈ సంగతి ఒక్కసారైనా చెప్పలేదు. మా వల్ల కదా బాబాయ్ ఆలస్యమైంది అన్నాను.

"అదేంటమ్మా, మిమ్మల్ని రోడ్డు మీద వదిలేసి వస్తే నేనే తిట్టేవాణ్ణి" అన్నారాయన. ఇంతలో రత్నం కాఫీ తెచ్చాడు. ఇద్దరం మాట మార్చాం.

ఎండ కాస్త తగ్గాక మందిరం మైకులో సువర్ణ టీచర్ గారి గొంతు వినిపించింది. నీళ్ళు వస్తున్నాయి, అందరూ బయల్దేరండి అని ప్రశాంతంగా, పాఠం చెప్పినట్టే చెప్పారు. వీధికొకరు చొప్పున ముందే అనుకున్నవాళ్ళు తలుపులు తట్టుకుంటూ వెళ్ళారు. గ్యాస్ కట్టేయడం, కరెంటు మెయిన్ ఆపేయడం, గేదెల పలుపులు విప్పేయడం, అన్నీ నిజంగానే చేశారు. మొదట్లో నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు కూడా మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గించారు. అందరూ ఆ రోజు చూసినవాళ్ళే కదా.

చివరగా మంచం పట్టిన మనిషిని పైకి చేర్చే పని. ప్రకాశం గారు రానని భీష్మించారు. ఆయన మంచాన్ని మందిరం ఎదుటి అరుగు మీదకి తెచ్చి, మెట్లు కనిపించేలా వేశారు. ఆయన బదులు పడుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. బతికుండగా మంచం మీద నలుగురి చేత మోయించుకోవడం అపశకునమని పెద్దవాళ్ళు అంటున్నారు. టీచర్ గారు మొహమాటంగా నా వైపు చూశారు. నేను చెప్పులు విడిచి, మోయడానికని తెచ్చిన ఇంకో మంచం ఎక్కాను. ఆ రోజు ఈ పేట నాకు చేసినదాని ముందు ఇదేపాటి పని?

నలుగురు ఆటోవాళ్ళు మంచం ఎత్తారు. ముందువైపు ఒక కోడు రత్నం పట్టుకున్నాడు. కొన్ని మెట్ల దాకా బాగానే వెళ్ళింది. మెట్లు మలుపు తిరిగే చోట మంచం ఇరుక్కుంది. వెనకవాళ్ళు ఎత్తితే నా తల కిందికి వాలింది, పక్కకి తిప్పితే మంచం రెయిలింగ్‌కి తగిలి ఒక పక్కకి ఒరిగింది. పట్టుకోవడానికి నవారు తప్ప ఏమీ లేదు. పైన ఆకాశం, పక్కన ఖాళీ. ఆ కాస్తసేపట్లో, కదల్లేని మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలిసింది. మోసేవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా భయం భయమే. నాకు రత్నం మొహం కనిపిస్తోంది. భుజం నొప్పికి పళ్ళు బిగబట్టాడు.

"దించండి. దించేయండి" అన్నాను.

మంచాన్ని కిందికి దించారు. ప్రకాశం గారు తల పక్కకి తిప్పుకున్నారు. నేను చెప్పిందే నిజమైంది చూశారా అన్నట్టుంది. ఈ మలుపు సంగతి వరద రోజున కాకుండా ఇప్పుడే తెలిసింది, అది మంచిదే కదా అన్నారు టీచర్ గారు. అప్పుడు నాకు మా అపార్టుమెంటులో జరిగింది గుర్తొచ్చింది. లిఫ్టు పాడైనప్పుడు పైనుంచి ఒక పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. కుర్చీ అయితే మలుపు తిరుగుతుందేమో అన్నాను. మందిరంలోంచి చేతులున్న చెక్క కుర్చీ తెచ్చారు. నన్ను కూర్చోబెట్టి, నా వీపు మెట్ల వైపు ఉండేలా తిప్పారు. పై పంచెతో నడుం దగ్గర కట్టారు. ఒకరు పైన కుర్చీ వీపు పట్టుకున్నారు, ఇద్దరు కింద ముందుకాళ్ళు పట్టుకున్నారు. రత్నాన్ని మొయ్యనివ్వలేదు. పక్కన నడుస్తూ మెట్టు మెట్టుకీ చెప్పడం అతని పని అన్నారు టీచర్ గారు.

"ఇంకో మెట్టు. ఆగండి. ఇప్పుడు తిప్పండి" అంటూ అతను చెబుతుంటే కుర్చీ మలుపు తిరిగింది. ఎవరికీ ఆయాసం కూడా రాలేదు. నాకు ఈసారి కింద అరుగు మీద ఉన్న ప్రకాశం గారు తిన్నగా కనిపిస్తున్నారు. ఆయన చూపు నా మీద లేదు, కొడుకు ఖాళీ చేతుల మీద ఉంది.

నేను దిగి వచ్చాక ఆయన్ని ఎవరూ బతిమాలలేదు. ఆ కుర్చీ ఇటు తెండి అని ఆయనే అడిగారు. కూర్చోబెట్టాక ఎడమ చెయ్యి జారిపోకుండా ఒళ్ళో పెట్టి, పంచె ఇంకాస్త బిగించారు. మలుపు దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నారు. రత్నం పక్కనే నడుస్తూ ఒక్కో మెట్టూ చెప్పాడు. పై హాల్లో కుర్చీ కింద పెట్టగానే ఎవరో చప్పట్లు కొట్టబోతే టీచర్ గారు వద్దని సైగ చేశారు.

ప్రకాశం గారిని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అక్కడి నుంచి ఏటి ఇసుక కనిపిస్తుంది. టీ అడిగి తాగారు. తర్వాత కొడుకుని దగ్గరికి పిలిచారు.

"ఈసారి వానొస్తే నన్ను ముందే ఇక్కడికి చేర్చెయ్యి. నువ్వు నా గురించి చూసుకోకుండా ఆటో తియ్యొచ్చు. రోడ్డు మీద ఎవరుంటారో ఏంటో."

రత్నం సరే నాన్నా అన్నాడు. కిందికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వంట దగ్గర ఆడవాళ్ళు అన్నానికి రమ్మని కేకేశారు. మామిడికాయ పప్పు, వంకాయ కూర, పెరుగు. ఆ హాల్లోనే, నేలమీద, అందరితో కలిసి తిన్నాను. వరద రోజున నాకు మొదట అన్నం పెట్టినావిడ ఎవరో కనుక్కోవాలని చూశాను. నలుగురు ఆడవాళ్ళు నవ్వి, ఎవరికి గుర్తుంటుందండీ, వండినవాళ్ళం చాలామందిమి, తిన్నవాళ్ళు ఇంకా చాలామంది అన్నారు. ఆ నలుగురికీ దణ్ణం పెట్టాను.

తిరుగు ప్రయాణంలో రత్నం నన్ను నందిగామ బస్టాండు దాకా దింపాడు. అటునుంచి విజయవాడకి బస్సులు ఎక్కువ. భుజం సంగతి ఎందుకు చెప్పలేదని దారిలో అడిగాను. చెబితే మీరు బాధపడతారు, బాధపడితే మళ్ళీ మా ఊరు రారు కదా అక్కా అన్నాడు. వచ్చే వారం విజయవాడలో మావారికి తెలిసిన ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చేలా మాట తీసుకున్నాను. మొదట వద్దన్నాడు. ప్రకాశం గారికి ఫోన్ చేసి చెబుతానంటే ఒప్పుకున్నాడు.

బస్సులో కూర్చున్నాక చాలాసేపు ఆ మలుపే గుర్తొచ్చింది. విపత్తుకి సిద్ధపడటమంటే సామాన్లు పోగేసుకోవడం అనుకునేదాన్ని. ఆ పేటలో చూశాక, భయపడే మనిషి భయం ఏమిటో ముందుగా వినడమే అందులో పెద్ద పని అనిపించింది. ప్రకాశం గారి భయం నీళ్ళు కాదు, కొడుకు భుజం. అది తెలిశాక ఒక కుర్చీ సరిపోయింది. మేము బతికి బయటపడ్డ రోజు వెనక ఇంకొకరి నొప్పి ఉందని తెలియడం బరువుగానే ఉంది. అయినా ఆ బరువు నాకు తెలియనిచ్చిన పెద్దాయనకి, నన్ను మోసిన చేతులకి, ఆ మెట్లకి రెయిలింగ్ వేయించిన ప్రతి ఇంటికీ నేను రుణపడి ఉన్నాను. రుణపడి ఉండటం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు.

జూలై నుంచి సెప్టెంబరు మధ్యలో ఈ వైపు వచ్చేవాళ్ళకి ఒక్క మాట. మునేరులో నీళ్ళు ఇక్కడ పడే వాన వల్లే పెరగవు, పైన ఖమ్మం వైపు పడ్డ వానకి కూడా పొంగుతాయి. కాబట్టి మీ నెత్తిన ఎండ ఉన్నా సరే, బయల్దేరే ముందు నందిగామ లేదా జగ్గయ్యపేట బస్టాండులో ఏటి పరిస్థితి అడిగి కదలండి. వాళ్ళు ఆగమంటే ఆగండి.