ముడ్డి కడగని దిబ్బ మాస్టారు

మా ఊరి మాస్టారు పోయారని జీడిపిక్కలు ఎండబోస్తుండగా తెలిసింది. చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఆయనతో నేనాడిన అబద్ధం ఒకటి అలాగే మిగిలిపోయింది.

మా ఊరవతల సముద్రం వైపు ఒక ఇసకదిబ్బ ఉంది. దాని పేరు ముడ్డి కడగని దిబ్బ. చదివేవాళ్ళు మన్నించాలి, పేరే అది. టెక్కలిలో, పలాసలో ఇప్పుడు ఏ మారుమూలకైనా ఆ మాటే వాడతారు. ఎవరికైనా దూరం బదిలీ అయితే "ఆడ్ని ముడ్డి కడగని దిబ్బకి తోసేసేర్రా" అంటారు.

మాస్టారు మా బడికి కొత్తగా వస్తున్నప్పుడు బస్సులో జనం ఆ మాటే అని నవ్వారట. ఆయన ఉడుక్కోలేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని పట్టుబట్టారు. అలాంటి మోటు మాటలన్నీ ఒక నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకునేవారు. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఎవరింటికి వచ్చినా గుమ్మం బయట చెప్పులు రెండుసార్లు కొట్టి ఇసక దులిపేవారు. ఆ చప్పుడు వింటే మా ఆవిడ టీ పెట్టేది.

ఒకసారి అరుగు మీద కూర్చుని అడిగారు.

"మావా, ఆ దిబ్బ పేరు సంగతి నీకు తెలుసంట గదా. సెప్పు."

"నాకేటి తెలుసు మాస్టారూ. ఎవడో జమీందారు తిట్టేడంట."

"ఏ జమీందారు?"

"ఎవడో. టీ సల్లారిపోతంది, తాగండి."

ఆయన నావైపు కాసేపు చూసి రాసుకున్నారు. "మాటకి కంపుండదు మావా. ముక్కు మూసుకునేది మనవే" అని నవ్వారు.

ఆ పేరు పెట్టింది మా అమ్మ. పిక్కలేరడానికి ఆడవాళ్ళు ఆ దిబ్బ మీది జీడితోటలకి పోయేవారు. అక్కడ చుక్క నీరు లేదు. ఊరినుంచి ఒక్క బిందె మోసుకెళ్ళాలి. దానికి మా అమ్మే కాపలా. "ఇవి గొంతులోకే. ఎనక్కి ఆకులున్నాయి" అనేది. పిక్కలు కొనే షావుకారు ఒకరోజు ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగితే, "ముడ్డి కడగని దిబ్బ కాడ్నించి బాబూ. మీకు నీళ్ళెక్కువైతే అంపండి" అందట. బజారంతా నవ్వింది. మాట టెక్కలి చేరింది. నీళ్ళ సంగతి దారిలోనే రాలిపోయింది.

ఆ మాట పక్కన అమ్మ పేరు రాయించడానికి నాకు సిగ్గేసింది.

మాస్టారు జబ్బుపడి ఆసుపత్రికి వెళ్తుంటే బస్సు దాకా సంచి మోసుకెళ్ళాను.

"ఏటి మావా, ఏదో సెప్పబోతన్నావు?"

"జాగర్త మాస్టారూ" అన్నాను. బస్సు వెళ్ళిపోయింది.

ఆయన పోయిన పదోనాడు కూతురు, "నాన్న నోటుబుక్కు అచ్చుకిస్తన్నాను తాతా, రేపే పలాస ఎళ్తాను" అంది. ఆ బిందె మోసిన ఆడవాళ్ళంతా పోయారు. ఇక పుస్తకంలో జమీందారే మిగులుతాడు. సాయంత్రం వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక పేజీ తప్పమ్మా. నానే తప్పు సెప్పేను."

ఆమె వెతికి తీసింది. జమీందారు సంగతి రెండు వరుసలుంది. దానికింద చిన్న అక్షరాలు: "మావ సిగ్గుపడ్డాడు. మళ్ళీ అడగాలి." మిగతా పేజీ అంతా ఖాళీ.

"నువ్వే రాయి తాతా" అని ఆయన పెన్సిలు చేతికిచ్చింది.

నాది అయిదో తరగతి చేతిరాత. ముందు అమ్మ పేరు రాశాను. పేజీ సరిచేస్తుంటే మడతలోంచి కాస్త ఇసక జారి నా వేళ్ళ మీద పడింది. దులపలేదు.