ఉప్పుచేప, క్షయ బిళ్ల

మా పాప పోయిన కొద్ది నెలలకే మా బావకు క్షయ అని తేలింది. బావ అంటే నా భర్త, మేనత్త కొడుకు. సుమ్మాదేవి దగ్గర పల్లెలో కొబ్బరి, జీడి తోటలున్నాయి మాకు. నేను టెక్కలిలో బడిపంతులు కూతుర్ని. పాపకు ఉప్పుచేప అంటే ప్రాణం. పోయినవాళ్లకు ఇష్టమైనది ఏడాది తిరిగేదాకా ఇంట్లో వండకూడదని మా ఆచారం. అందుకే అత్త చేపల కుండకు గుడ్డ కట్టి అటకెక్కించింది.

పలాస డాక్టరు కొత్తగా వచ్చిన బిళ్లలేవో ఇచ్చాడు. కొన్ని వారాలు తేడా తెలియలేదు. తర్వాత బావ అన్నం అడిగి తినసాగాడు. దగ్గు తగ్గింది. అది సంతోషమే. కానీ అతను ఈల వేశాడు. జీడిపిక్కలు ఏరే ఆడవాళ్లతో పరాచికాలాడాడు. పాప మాటెత్తితే ఊఁ కొట్టి లేచిపోయేవాడు. ఇద్దరం మోస్తున్న బరువు కిందనుంచి అతనొక్కడే తప్పుకున్నాడనిపించి ఒళ్లు మండేది. అతనికి వదిలిన దుఃఖం నాకెందుకు వదలదు? మళ్లీ పలాస వెళ్లినప్పుడు డాక్టర్నే అడిగాను.

"ఈ బిళ్లతో కొందరు రోగులకు మనసు కూడా తేలికపడుతోందమ్మా. ఎందుకో మాకూ సరిగ్గా తెలియదు."

"అయితే నాకూ ఇవ్వండి."

"నీకు క్షయ లేదు కదమ్మా!"

బావ నవ్వాడు. "సూసినారా డాక్టరుబాబూ, దీనికి నా జబ్బు మీద కూడా కన్నే!"

"దగ్గు నీకాడే ఉంచుకో బావా. బిళ్లలు ఇటియ్యి," అన్నాను. నేను నవ్వలేదు.

ఏడాది నిండకముందే ఒక మధ్యాహ్నం పీట మీద కూర్చుని, "అమ్మా, ఉప్పుసేప తినాలనుందే," అన్నాడు.

"ఏడాది అవలేదు అత్తా," అన్నాను.

"నువ్వూరుకోయే. నా కొడుకు నోరు తెరిసి తిండి అడిగితే నెలలు లెక్కెట్టుకుంటానేటి? పోయిన గుంట మాత్రం వాళ్లయ్యని పస్తుండమంతాదా?"

కుండ దిగింది. అటక మీది వేడికి మగ్గిపోయిన చేప. బావ మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాడు. నేను మజ్జిగన్నంతో లేచిపోయాను.

కాసేపటికే బావ రెండు చేతులా తల పట్టుకున్నాడు. "నెత్తి మీద సుత్తితో కొడతన్నట్టుందే," అన్నాడు. మెడ బిగుసుకుపోయింది. వాంతయింది. పాపకి కోపమొచ్చిందంటూ అత్త కుండ ముందు కూలబడింది. బావను ఎడ్లబండిలో స్టేషనుకు, అక్కణ్ణుంచి రైల్లో పలాసకు తీసుకువెళ్లాను. చచ్చిపోతాడేమోనని దారంతా భయం. అంత భయంలోనూ, నన్ను వదిలి పాప దగ్గరికి తనొక్కడే వెళ్లిపోతున్నాడని కుళ్లుకున్నాను.

రక్తపోటు చూసి డాక్టరు కంగారుపడ్డాడు. సాయంత్రానికి పోటు దిగింది. ఆ బిళ్లలు మాన్పించి, క్షయకు వేరే మందులు మొదలుపెట్టాడు. చేప సంగతి ఎవరికీ తట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక వైద్య పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. దిగులుకు వాడిన తొలి మందుల్లో ఆ బిళ్ల ఒకటి. మెదడులో మనసును నిలబెట్టే రసాయనాలుంటాయి. వాటిని విరిచేసే ఎంజైమును ఆ బిళ్ల అడ్డుకుంటుంది, దాంతో అవి ఎక్కువసేపు నిలుస్తాయి. కానీ పేగుల్లో కాపలా ఉండేదీ ఆ ఎంజైమే. నిలవ చేపల్లో, పులియబెట్టిన పదార్థాల్లో పుట్టే ఒక పదార్థాన్ని అది అక్కడే విరిచేస్తుంది. కాపలా లేనప్పుడు ఆ పదార్థం రక్తంలో చేరి పోటును ఒక్కసారిగా పెంచుతుంది. మెదడులో నరం చిట్లినా చిట్లవచ్చు. కాలేయాన్ని పాడుచేస్తోందని కూడా తేలి, ఆ బిళ్లను తర్వాత మానేశారు.

ఆ రోజుల్లో నాకు తెలిసింది ఒక్కటే. బిళ్లలు మానేసిన కొన్ని వారాలకు ఈల ఆగిపోయింది. ఒకరోజు అత్త చేపల కుండ తోమి పెరట్లో బోర్లించింది. దాన్ని చూసి బావ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఇద్దరం కలిసి ఏడవాలని ఎన్నాళ్లుగా ఎదురుచూశానో. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ముల్లు తీసి ముందు నా నోట్లో ఎట్టేది. ఆ తరవాతే తను తినేది," అని బిగ్గరగా ఏడ్చాడు.

ఆ సంగతి నాకు తెలియదు. తోటలోకి పాప అతనికి అన్నం పట్టుకెళ్లినప్పుడు అలా తినేవాళ్లేమో. నేను కూడా ఏడ్చాను. కానీ ముందుగా నాకు తట్టింది, పాప నా నోట్లో ఎప్పుడూ పెట్టలేదని.