సెంబవాంగ్ వేడినీళ్ళ పార్కు

ఆ ఆదివారం నాకు నిద్ర తప్ప మరేమీ అక్కర్లేదు. రాఫెల్స్ ప్లేస్‌లోని మా ఆఫీసులో ఇద్దరు మానేయడంతో వాళ్ళ పని కూడా నా మీదే పడింది. సాయంత్రం రైల్లో సీటు దొరికేది కాదు. మేముండే సెంబవాంగ్ వచ్చేదాకా నిలబడే కునుకు తీసేదాన్ని. ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే పాదాలు వాచి ఉండేవి.

అవి పక్క ఫ్లాట్ ఆంటీ కంటపడ్డాయి. ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళ నౌకా స్థావరంలో పని కోసం ఆవిడ తాతగారు విశాఖ వైపు నుంచి ఈ దేశానికి వచ్చారట. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉంటాయి.

పొద్దున్నే తలుపు తట్టింది. చేతిలో బకెట్టు, సంచిలో కోడిగుడ్లు.

"మకన్ అయిందేటమ్మా? తినకపోతే ఏడినీళ్ళ పార్కులోనే తిందాం. సుడుతన్నిలో కాళ్ళు పెడుదువుగాని, నొప్పి పోతాది."

వద్దందామనుకున్నాను. ఈలోపే మా అమ్మాయి చెప్పులేసుకుంది. "కమ్ లా అమ్మా! యూ ఆల్వేస్ స్లీపింగ్!"

పార్కులో భూమిలోంచి వేడినీళ్ళు వస్తాయి. జనం వాటిని బకెట్లలో పట్టుకుని, కాస్త చల్లార్చి, కాళ్ళు ముంచుకుని కూర్చుంటారు. గుడ్లు ఉడకబెట్టుకోవడానికి వేరే చోటుంది. మా అమ్మాయి గుడ్లు తీసుకుని అటు పరిగెత్తింది. ఆంటీ బకెట్టు నింపి నా ముందు పెట్టింది. పాదాలు చురుక్కుమన్నాయి. తర్వాత ఆ వేడి మెల్లగా పిక్కలదాకా పాకింది.

అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి నా తల ఆంటీ భుజం మీదుంది. నీళ్ళు చల్లారిపోయాయి. నా హ్యాండ్‌బ్యాగు ఆవిడ ఒళ్ళో ఉంది. మా అమ్మాయి చప్పుడు కాకుండా గుడ్డు పెంకు ఒలుస్తోంది.

"లేపొచ్చు కదా ఆంటీ," అన్నాను సిగ్గుపడుతూ.

"అలిసిపోయిన మనిషిని లేపుతారేటి?" అని, హ్యాండ్‌బ్యాగు నా చేతికిచ్చింది. "మీ అంకుల్ కూడా ఇలాగే నిద్దరోయేవోరు. పక్షవాతం వచ్చాక ఆయన్ని ప్రతి వారం ఇక్కడికి తెచ్చీదాన్ని. ఆయన పోయాక ఒక్కదాన్నీ రాలేకపోయానమ్మా. బస్టాప్ దాకా వచ్చి తిరిగెళ్ళిపోయీదాన్ని. నీ కాళ్ళు చూసి, ఇదొక సాకు దొరికిందనుకున్నాను."

అప్పుడు గమనించాను, ఆవిడ చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. నన్ను ఆనించుకుని కదలకుండా కూర్చున్నంతసేపూ తను నీళ్ళలో కాళ్ళే పెట్టలేదు. లేచి బకెట్టు ఖాళీ చేసి, వేడినీళ్ళు పట్టుకొచ్చి, ఆవిడ ముందు కూర్చుని చెప్పులు తీయబోయాను.

"నువ్వు తీయడమేటి, లే," అని కాళ్ళు వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు. వంకర్లు తిరిగిన వేళ్ళు నీళ్ళలోకి దిగగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. "పనాస్," అంది, వేడి అని.

ఆఫీసులో పని తగ్గలేదు, నా కాళ్ళ వాపూ పోలేదు. కానీ ఆదివారాలు ఆవిడతో బయటికి వెళుతున్నాను. ఒక్కోసారి సముద్రం ఒడ్డున పార్కుకి పోతాం. జెట్టీ మీద పీతలు పట్టేవాళ్ళని చూస్తూ బెంచీ మీద కూర్చుంటాం. ఎక్కువగా మాట్లాడుకోం. ఇద్దరికీ అంత ఓపిక ఉండదు.