ఖర్జూరపు మట్ట కుంచె

మూడో తరగతిదాకే చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు, భయంగా ఉంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే కోపం చేసుకోకండి.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, బుదైయాలో ఒక విల్లా తోటలో పనిచేశాను. అందులో ఒక చైనా ఇంజనీరు, ఆయన ముసలి తండ్రి ఉండేవారు. ఆ పెద్దాయన వాళ్ల దేశంలో కాలేజీలో పాఠాలు చెప్పాడట, పేపరు నడిపాడట, చట్టాలు చేసే సభలో కూడా కూర్చున్నాడట. వచ్చీరాని హిందీలో కొడుకే చెప్పాడు. గుదైబియాలో మా రూమువాళ్లకు చెప్తే ఒకటే నవ్వు.

"ఎమ్మెల్యే సాబ్ ఇంట్ల పనా? మన రూముల ఏసీ గురించి జర చెప్పరాదురా!"

పక్షవాతంతో పెద్దాయన కుడిచెయ్యి సరిగా లేవదు. వాళ్ల దేశంలో ఆయన భార్య సమాధి రాయి పేరు లేకుండానే ఉంది. ఆ పేరు తానే రాసివ్వాలని ఆయన పట్టు. కంప్యూటర్‌లో తీయిద్దామని కొడుకంటే వినలేదు. పొద్దున్నే కుంచెను బకెట్ నీళ్లలో ముంచి, వాకిట్లో బండల మీద మళ్లీ రాయడం నేర్చుకునేవాడు. సన్నటి కుంచె, వేళ్లలోంచి జారి పడేది. దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

ఊళ్లో నేను ఇళ్లకు సున్నం వేసేవాణ్ని. ఖర్జూరపు మట్ట నానబెట్టి, చివర రాయితో దంచి, పీచు దువ్వి, రెండు చేతులతో పట్టేంత లావు కుంచె చేశాను.

"బాబా, దీంతోని రాయున్రి," అన్నాను. ఆయనకు తెలుగు రాదు, అయినా తీసుకున్నాడు.

అక్షరం వంకరగా వచ్చింది. ఎండకు ఆరిపోయింది. మళ్లీ రాశాడు. ఆ తడి అక్షరాలు తొక్కకుండా నేను చుట్టూ తిరిగి నీళ్లు తెచ్చేవాణ్ని. ఒకసారి కాలు తగిలితే వంగి తాకి కళ్లకద్దుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు.

చలికాలంలో వాకిట్లో పెద్ద కాగితం పరిచి, నల్ల సిరాతో భార్య పేరు రాశాడు. గీత వణికిందనీ, మళ్లీ రాయమనీ కొడుకు అడిగాడట. పెద్దాయన తల అడ్డంగా ఊపి, కుంచె నా చేతికిచ్చి, అయిపోయిందని, ఇద్దరికీ వచ్చిన ఒక్క అరబ్బీ మాట అన్నాడు.

"ఖలాస్."

ఆ వణికిన గీతనే రాయి మీద చెక్కారు. ఫోటో నాకూ చూపించారు. పేరు పక్కన కొంత జాగా ఖాళీగా వదిలారు. ఎవరికని నేను అడగలేదు.

నా అక్షరాలూ వంకరవే. తప్పులున్నచోట మన్నించి, మీరే సరిచేసుకొని చదవండి.