ఇంకో వెంట్రుకవాసి

మా మావయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే: రోటరీ ఇంజన్ కనబడితే గీకకుండా ఉండలేడు. పిస్టన్ల బదులు ముక్కోణపు దిమ్మ గిర్రున తిరిగే ఇంజనది. అది గాలి పీల్చుకునే కంతల్ని పెద్దవి చేస్తే బలం పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. గీకుతాడు, బిగిస్తాడు, నడిపి చూస్తాడు, "ఇంకో వెంట్రుకవాసి" అంటాడు, మళ్లీ విప్పుతాడు. ఓసారి పన్ను పీకించుకోడానికి వెళ్లి, డాక్టరు చేతిలో గిర్రుమనే మరని చూసి నొప్పి మరిచాడు. పన్నుతోనే తిరిగొచ్చాడు, మరతో కూడా.

ఆయన కారు స్టార్ట్ చేస్తే మా వంటింట్లో గిన్నెలు వాటంతటవే నడిచేవి.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది బండా, భూకంపమా?" అని అమ్మ అరిచేది.

"బలం అక్కా, బలం!"

పక్కింటి లెక్కల మాస్టారి కిటికీ అద్దం మూడోసారి పగిలింది. ఆయన వీధంతా సంతకాలు పెట్టిన ఫిర్యాదు పట్టుకుని దిగారు.

"మాటలొద్దు. బలం కొలిపిద్దాం. పెరిగుంటే ఇది చింపేస్తాను. లేదా ఇవాళే సైలెన్సర్ బిగించాలి."

మావయ్య మొహం పాలిపోయింది. వర్క్‌షాపులో కారు చక్రాలు బలం కొలిచే రోలర్ల మీద గింగిరాలు తిరిగాయి. కొత్తలో నూట ముప్ఫై హార్స్‌పవర్. ఇప్పుడు తొంభై ఎనిమిది!

పదేళ్ల గీకుడు! మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఈ సంగతి నీకు తెలుసా?"

"రెండేళ్లుగా తెలుసండి. కంత మరీ పెద్దదైపోయింది."

"మరి ఇంకా ఎందుకయ్యా గీకడం?"

"చప్పుడు కోసమండి. సాయంత్రం ఐదింటికి షెడ్డుకి రండి, మీకే తెలుస్తుంది."

ఐదింటికి షెడ్డులో స్టూలు మీద మావయ్యకి పని నేర్పిన ముసలి మేస్త్రీ కూర్చున్నాడు. రోజూ టీ కోసం వస్తాడనుకునేవాణ్ణి. "బాగున్నారా?" అని మాస్టారు క్లాసు గొంతుతో అరిచారు. ఆయన గోడకేసే చూస్తున్నాడు.

"చెవులు పోయి రెండేళ్లయిందండి," అన్నాడు మావయ్య. "ఇదొక్కటే వినబడుతుంది. సైలెన్సర్ బిగిస్తే ఇదీ ఉండదు." కారు తాళం తిప్పాడు.

షెడ్డు దద్దరిల్లింది. ముసలాయన తల లేచింది. కళ్లు మూసుకుని, తొడ మీద వేలితో తాళం వేస్తూ విన్నాడు. తర్వాత శిష్యుడికేసి గుర్రుగా చూశాడు.

"రెండో కంత ఇంకో వెంట్రుకవాసి గీకరా, వెధవా!"

"అలాగే గురువుగారూ!" మావయ్య మొహం వెయ్యి క్యాండిళ్ల బల్బులా వెలిగింది. గురుభక్తి అన్న మాట వింటే నాకు ఆవులింత వస్తుంది. ఆ పూట రాలేదు.

మాస్టారు ఫిర్యాదుని ముక్కలు ముక్కలుగా చింపారు. ముక్కల్ని ఓపిగ్గా ఉండలు చుట్టారు. రెండు తన చెవుల్లో పెట్టుకుని, మిగిలినవి నా దోసిట్లో పోశారు.

"సంతకాలు పెట్టినవాళ్లందరికీ తలా రెండు పంచు!"