ఆముదం స్తంభం

ఆ రోజుల్లో యానాంలో గాలి కూడా తీరిగ్గా వీచేదనిపిస్తుంది నాకు. ఫ్రెంచివాళ్ళ ఏలుబడి ఆఖరి ఏళ్ళు. జూలై పద్నాలుగున వాళ్ళ జాతీయ పండక్కి గోదారి ఒడ్డున నున్నటి స్తంభం పాతి, నిలువెల్లా ఆముదం పూసి, కొసన బహుమతులు కట్టేవారు. వాటిలో ఏటా ఒక సెంటు సీసా ఉండేది. ఒక ఏడు దానికి మూరెడు దూరం దాకా వెళ్ళి జారిపోయాను. మరుసటేడు వేసవిలో, "ఈ ఏడైనా అది నాకు తెస్తావా బావా?" అంది మా మావయ్య కూతురు. ఆ మాటతో నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

బలం చాలకే జారానని తేల్చుకుని (అప్పట్లో నేను చొక్కా తొడిగిన గడకర్రని) కసరత్తు నేర్చుకోడానికి ఫరంపేట తాలింఖానాకి వెళ్ళాను. వస్తాదుగారు నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఒళ్ళు మూడు రకాలురా అబ్బాయ్. గడకర్ర, రోకలి, పీపా. గడకర్రని ఎంత మేపినా రోకలవదు. పైకి పాకడానికి నీ ఒళ్ళే మేలు. చేతిపట్టు కోసం రోజూ తాడెక్కు, ఎప్పట్లాగే తిను, చాలు" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. తాడు మాత్రం ముట్టుకోలేదు. మినపసున్ని, గేదె పెరుగు, పొద్దున్నే నాలుగు గుడ్లు, సాయంత్రం అరడజను చక్రకేళీలు మొదలుపెట్టాను. తిన్నాక అరుగు మీద వాలి, గోదారి గాలికి కళ్ళు మూసుకుంటే, ఆ సీసా దానంతటదే నా చేతిలోకి దిగొచ్చేది (కలలో ఆముదం ఉండేది కాదు). మూడు నెలలకి చేతులు, ఛాతీ ఎక్కడివక్కడే ఉండి, పొట్ట ఒక్కటే వచ్చింది. మా అమ్మ మురిసిపోయి దిష్టి తీసింది.

పండగనాడు మనిషెత్తు ఎక్కానో లేదో, నాకూ స్తంభానికీ మధ్య పొట్ట అడ్డొచ్చింది. కింద మరదలు రెప్ప వేయకుండా చూస్తోంది. మెల్లగా, ఏ తొందరా లేకుండా, ఊరంతా చూస్తుండగా కిందికి దిగిపోయాను. "పీపా దిగిందర్రోయ్!" అని ఎవడో అరిచాడు. వస్తాదుగారు తల పట్టుకున్నారు. సీసా కనకాలపేట నుంచి వచ్చిన మరో గడకర్ర పట్టుకుపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు ఆ పిల్ల దగ్గరికొచ్చి, "పోనీలే బావా, నీ చొక్కా పిండితే నా జడకి నెలకి సరిపడా ఆముదం" అని నవ్వింది. ఆ నవ్వునే పెళ్ళి చేసుకున్నాను.

ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు బుద్ధిగా తిని, నడిచి, మళ్ళీ గడకర్రనయ్యాను. మొన్న మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడైతే ఎక్కేవాడివి బావా" అంది.

"సీసా కావాలా?" అన్నాను.

నెరిసిన జడకి ఆముదం రాసుకుంటూ, "నీ చొక్కాది ఇంకా అయిపోలేదుగా" అంది.